వేడికి పాడైపోయే ఎంజైమే నా ప్రాజెక్టును గట్టెక్కించింది

చలి ప్రదేశాల సూక్ష్మజీవుల ఎంజైములు కాస్త వేడి తగిలినా పాడైపోతాయి కదా, అవి పరిశ్రమలకు ఏం పనికొస్తాయని అడిగారు. చాలాచోట్ల ఆ పాడైపోయే గుణం కోసమే వాటిని కొంటారు. ఇది నాకు అనుభవంలో తెలిసింది.

ఎమ్మెస్సీ ప్రాజెక్టులో ఒక జన్యువును ప్లాస్మిడ్‌లో, అంటే బ్యాక్టీరియాలో ఉండే చిన్న గుండ్రటి డీఎన్ఏలో, అతికించాల్సి వచ్చింది. కత్తిరించిన ప్లాస్మిడ్ కొసలు మళ్లీ వాటంతటవే అతుక్కోకుండా ఫాస్ఫటేజ్ అనే ఎంజైముతో అక్కడి ఫాస్ఫేటును తీసేస్తాం. ఆ పనయ్యాక ఫాస్ఫటేజ్ కొంచెం కూడా మిగలకూడదు. మిగిలితే తర్వాత కలిపే జన్యువు ఫాస్ఫేటునూ తీసేస్తుంది, ఇక అతుకు పడదు. మా దగ్గరున్నది ఆవుదూడ పేగు నుంచి తీసిన రకం. వేడి చేసినా పూర్తిగా చచ్చిందన్న నమ్మకం ఉండదు. అందుకని ఆ ఎంజైమును తీసేయడానికి ఫినాల్, క్లోరోఫాం అనే ద్రావకాలతో శుభ్రం చేసేదాన్ని, చేసిన ప్రతిసారీ డీఎన్ఏ కొంత పోయేది. అతుకు పడిన ప్లాస్మిడ్ చేరిన బ్యాక్టీరియా ప్లేటు మీద కాలనీలుగా, అంటే చిన్న గుంపులుగా పెరగాలి, కానీ మూడు వారాలు ఒక్క కాలనీ రాలేదు. సబ్మిషన్ దగ్గరపడుతుంటే ఒకటే టెన్షన్.

అప్పుడు మా సీనియర్ అక్క పక్క ల్యాబ్ నుంచి అంటార్కిటిక్ ఫాస్ఫటేజ్ అడిగి తెచ్చింది. అంటార్కిటికా బ్యాక్టీరియా జన్యువుతో తయారయ్యే ఎంజైము అది. 37 డిగ్రీల దగ్గర అరగంట, తర్వాత 80 డిగ్రీల దగ్గర రెండు నిమిషాలు. అంతే, ఆ వేడికి ఎంజైము చచ్చిపోయింది, ఫినాల్ అవసరమే రాలేదు. అదే ట్యూబులోంచి తీసుకుని అతికించాను. రెండో రోజు ప్లేటు నిండా కాలనీలు చూసి ఏడుపొచ్చినంత పనైంది.

సాధారణ ఎంజైము వేగం 10 డిగ్రీలు తగ్గితే సగానికో, మూడో వంతుకో పడిపోతుంది. చలి జీవుల ఎంజైముల్లో బిగువునిచ్చే బంధాలు తక్కువ, అల్లిక వదులు. అందుకే చలిలోనూ కదలగలవు, వేడికి తొందరగా విచ్చుకుపోతాయి. పాల పరిశ్రమకు ఇది బాగా కలిసొస్తుంది. ఇలాంటి లాక్టేజ్ అనే ఎంజైము ఉంటే ఫ్రిజ్ చలిలోనే పాలలోని చక్కెర అయిన లాక్టోజ్‌ను విడగొట్టవచ్చు, పాలను వెచ్చబెట్టి, వాటిని చెడగొట్టే బ్యాక్టీరియాకు అవకాశం ఇవ్వక్కర్లేదు. చన్నీళ్లలో మరకలు వదిలించే డిటర్జెంట్లలోనూ ఇలాంటివి వాడతారు. నీళ్లు కాచే కరెంటు మిగులుతుంది.

అయితే చలి చోట దొరికిన ప్రతి ఎంజైమూ ఇలా ఉండదు. కాండిడా అంటార్కిటికా అనే ఈస్టు అంటార్కిటికాలోని వాండా సరస్సులో దొరికింది. దాని లైపేజ్ బి (కొవ్వును విడగొట్టే ఎంజైము) మాత్రం 60 డిగ్రీల దగ్గర కూడా చక్కగా పనిచేస్తుంది, పరిశ్రమల్లో దానికి గిరాకీ ఉండటానికి ఇదీ ఒక కారణం.