నీ కల్నల్ ఎదురుచూసే రాత్రి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటి పేజీలోనే నీ కల్నల్‌ను ‘అంతర్ముఖుడు, తర్కం మనిషి’ అన్నావు. తర్వాత కథంతా అతను ఆ రెండు మాటలు దాటి బయటికి రాలేదు. నాకు బాధ కలిగింది, ఎందుకంటే యుద్ధం మీద నువ్వు చాలా కష్టపడి చదివావని తెలుస్తోంది.

మనుషుల్ని పదహారు రకాలుగా చూపే పరీక్ష నుంచి తీసుకున్నట్టున్నావు. మనస్తత్వవేత్త యూంగ్ 1921లో రాసిన పుస్తకం ఆధారంగా ఒక తల్లీకూతుళ్ళు దాన్ని తయారుచేశారు. కొన్ని వారాల తర్వాత మళ్ళీ రాస్తే చాలామందికి వేరే రకం వస్తుంది. దాన్ని పాత్రకు జాతకం చేయకు.

స్వభావం మాత్రం నిజమే. కాకపోతే కాల్పుల మధ్య దాన్ని వెతుకుతున్నావు. టైమ్ లేనప్పుడు అనుభవమున్న అధికారి నాలుగు దారులు పోల్చుకుంటూ కూర్చోడు. ఇలాంటిది ఇదివరకు చూశాననిపించగానే తట్టిన మొదటి దారిని మనసులో ఒకసారి నడిపి చూసుకుని, కుదిరితే పట్టుకుంటాడు. మనస్తత్వవేత్త గ్యారీ క్లెయిన్ అగ్నిమాపక అధికారులను పరిశీలించి చెప్పింది ఇదే. స్వభావం ఎక్కువగా బయటపడేది ఎదురుచూపుల్లో అని నా నమ్మకం.

అమెరికా అంతర్యుద్ధంలో, 1862 సెప్టెంబర్‌లో, మూడు పొగాకు చుట్టల చుట్టూ చుట్టిన కాగితం ఒకటి ఉత్తర సేనాని మెక్లెల్లన్ చేతికి వచ్చింది. అందులో శత్రు సేనాని లీ పథకం ఉంది. అయినా మెక్లెల్లన్ ప్రధాన బలగం మర్నాడు ఉదయం దాకా కదల్లేదు. పిరికివాడని రాసేయడం తేలిక. కానీ అంతకు ముందే ఓడి చెదిరిన సైన్యాన్ని కొద్ది రోజుల్లో నిలబెట్టిందీ ఆ జాగ్రత్తే. శత్రువు బలాన్ని అతని వేగులూ ఎక్కువ చేసి చెప్పేవారు.

రెండో ప్రపంచయుద్ధంలో మిత్రరాజ్యాల సర్వసేనాని ఐసెన్‌హోవర్‌ను చూడు. 1944 జూన్ 5న అతని సైన్యం ఫ్రాన్స్ తీరంలోని నార్మండీ మీద దిగాలి. తుఫాను వస్తోందని వాతావరణ అధికారి స్టాగ్ చెప్పాడు, ఒకరోజు వాయిదా వేశారు. 6న కాస్త తెరిపి ఇస్తుందన్నప్పుడు ఐసెన్‌హోవర్ గదిలోని సేనానులను అభిప్రాయం అడిగాడు. మాంట్‌గోమరీ వెళ్దామన్నాడు, లీ-మాలరీ సందేహించాడు. అందరి మాటా విని నిర్ణయం తన మీద వేసుకున్నాడు. ఆ తర్వాత, ఓడిపోతే తప్పంతా నాదేనని ఒక కాగితం రాసి దగ్గర పెట్టుకున్నాడు. దాని మీద జూన్ బదులు జూలై 5 అని తేదీ వేశాడు. ఎంత టెన్షన్‌లో ఉన్నాడో! ఆ ఒక్క నెల పొరపాటు చదివినప్పుడల్లా నా గుండె బరువెక్కుతుంది.

నీ కథలో వంతెన పేల్చాలా వద్దా అనే ఘట్టానికి ముందు ఒక రాత్రి ఉంది. దాన్ని రెండు వాక్యాల్లో దాటేశావు. అక్కడ ఆగు. అతను ముందుగా ఎవరిని పిలుస్తాడు, ఎవరి మాట మధ్యలో ఆపేస్తాడు, మ్యాప్‌ను ఎన్నిసార్లు మడిచి మళ్ళీ విప్పుతాడు, ఇవి రాయి. ‘అంతర్ముఖుడు’ అన్న మాట కొట్టేసి, ఆ ఘట్టం ఒక్కటే నాకు పంపు.

నీ మేలు కోరే,
అన్నయ్య