సెన్సర్ బోర్డు కోసం యాంటీవైరస్ ఆపమన్నారా? ఆపకండి

ప్రశ్న: మాది విశాఖలోని మధురవాడ. ఫైనలియర్ ప్రాజెక్టుకి ఆన్‌లైన్‌లో మోషన్ సెన్సర్ డెవలప్‌మెంట్ బోర్డు కొన్నాను. ల్యాప్‌టాప్‌కి పెడితే లైటు వెలుగుతోంది గానీ కామ్ పోర్ట్ (ల్యాప్‌టాప్ బోర్డుతో డేటా మార్చుకునే దారి) రావడం లేదు. అమ్మినవాళ్లు వాట్సాప్‌లో జిప్ ఫైలు పంపి, యాంటీవైరస్ ఆపేసి, సెక్యూర్ బూట్ (ల్యాప్‌టాప్ ఆన్ అయ్యేటప్పుడు నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే రానిచ్చే రక్షణ) తీసేసి, టెస్ట్ మోడ్‌లో డ్రైవర్ (బోర్డుని విండోస్‌తో కలిపే సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాల్ చేయమన్నారు. ల్యాప్‌టాప్ నాన్నగారిది. చేయమంటారా సార్?

జవాబు: వద్దు. ఆ జిప్ తెరవను కూడా వద్దు. ప్రాజెక్టు రివ్యూలు దగ్గరపడితే చాలు, గాజువాక నుంచి ఆనందపురం దాకా ఇదే ప్రశ్న. సగం మంది ముందే ఇన్‌స్టాల్ చేసేసి తర్వాత అడుగుతున్నారు.

ముందు కేబుల్ మార్చండి. లైటు వెలిగిందంటే కరెంటు అందుతోందని, అంతే. చాలా చౌక చార్జింగ్ కేబుళ్లలో డేటా తీగలే ఉండవు. అదే కేబుల్‌తో ఫోన్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపి చూడండి, ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఆప్షన్ రాలేదంటే తేడా కేబుల్‌లోనే ఉండొచ్చు.

కేబుల్ బాగుంటే డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు ఉన్నదాని హార్డ్‌వేర్ ఐడీ చూడండి. బోర్డుని యూఎస్‌బీకి కలిపే చిప్పు ఎవరిదో అందులోని వీఐడీ (కంపెనీ నంబరు) చెబుతుంది. వీఐడీ 1ఏ86 అని ఉంటే సీహెచ్340 కుటుంబం చిప్పు, 10సీ4 అయితే సీపీ210ఎక్స్, 0403 అయితే ఎఫ్‌టీ232 రకం. డ్రైవర్‌ని ఆ చిప్పు తయారుచేసిన కంపెనీ సొంత సైటు నుంచో, విండోస్ అప్‌డేట్‌లోని ఆప్షనల్ అప్‌డేట్స్ నుంచో మాత్రమే తెచ్చుకోండి.

నాకు అసలు టెన్షన్ ఆ టెస్ట్ మోడ్ గురించే. డ్రైవర్ మామూలు యాప్ లాంటిది కాదు. విండోస్ గుండెకాయ లాంటి కెర్నల్‌లోకి వెళ్లి కూర్చుంటుంది, అక్కడి నుంచి ఏ ఫైలైనా చదవగలదు, మీరు కొట్టే పాస్‌వర్డులు పట్టగలదు, యాంటీవైరస్‌ని సైతం పక్కకి నెట్టేయగలదు. అందుకే సరైన డిజిటల్ సంతకం లేని డ్రైవర్లను 64 బిట్ విండోస్ రానివ్వదు. టెస్ట్ మోడ్ పెట్టారంటే ఆ ఒక్క డ్రైవర్‌కే కాదు, ఎవరికి వారు సంతకం చేసుకుని వచ్చే ప్రతి డ్రైవర్‌కీ తలుపు తీసిపెట్టినట్టే. రీస్టార్ట్ చేసినా అది పోదు. స్క్రీన్ కింద కుడి మూలన టెస్ట్ మోడ్ అన్న అక్షరాలు నెలల తరబడి అలాగే ఉంటాయి, ఎవరూ పట్టించుకోరు, అదే ల్యాప్‌టాప్‌లో నాన్నగారి నెట్ బ్యాంకింగ్, పీఎఫ్ లాగిన్ నడుస్తూ ఉంటాయి.

ఇప్పటికే చేసేసినవాళ్లు ముందు వేరే ఫోన్ నుంచి పాస్‌వర్డులు మార్చుకోండి. తర్వాత టెస్ట్ మోడ్ ఆపి, సెక్యూర్ బూట్ మళ్లీ ఆన్ చేయండి. బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఉంటే దాని రికవరీ కీ ముందే రాసిపెట్టుకోండి, అది అడగొచ్చు. ఆ ఫైలు ఎక్కడిదో తెలియకపోతే డేటా కాపీ చేసుకుని విండోస్ కొత్తగా ఎక్కించడమే నయం.

ఈ గొడవలో చాలాభాగం నకిలీ చిప్పుల వల్లే. కొత్త డ్రైవర్ వాటితో పనిచేయకపోతే అమ్మేవాళ్లు ఎక్కడివో పాత ఫైళ్లు పంపుతారు. 2014లో ఒక చిప్పుల కంపెనీ డ్రైవర్ విండోస్ అప్‌డేట్‌లో వచ్చి, నకిలీ చిప్పుల ప్రొడక్ట్ ఐడీని (కంప్యూటర్ చిప్పుని గుర్తుపట్టే నంబరు) సున్నా చేసేసింది. గోల అయ్యాక వెనక్కి తీసుకున్నారు. నకిలీ చేసినవాడిని వదిలేసి, తెలియక కొన్న కుర్రాడి బోర్డు పాడుచేయడం ఏం న్యాయం? బోర్డులు చేసేవాళ్లూ తక్కువ తినలేదు. టైప్-సీ సాకెట్ పెట్టి, దానికి కావాల్సిన రెండు 5.1 కిలో ఓమ్ రెసిస్టర్లు మిగుల్చుకుంటారు, దాంతో రెండు వైపులా టైప్-సీ ఉన్న కేబుల్‌తో బోర్డు అసలు వెలగదు. రెసిస్టర్‌కి ఎంతవుతుందని? చిప్పు పేరు ప్యాకెట్ మీద వేయడానికి ఖర్చేమిటి?

పోర్ట్ వచ్చాక రీడింగులన్నీ సున్నాలే అయితే కంగారుపడకండి. సెన్సర్ ఎంపీయూ-6050 అయితే కరెంటు ఇవ్వగానే స్లీప్ మోడ్‌లో ఉంటుంది, దాన్ని లేపాలంటే మీ ప్రోగ్రామ్ నుంచి హెక్స్ 6బీ రిజిస్టర్‌లో (సెన్సర్ లోపలి సెట్టింగు గడి) సున్నా రాయాలి. పిన్నులు కూడా సోల్డర్ చేయించండి, ఊరికే దూర్చి వదిలేస్తే మన ఉప్పుగాలికి త్వరగా చిలుమెక్కుతాయి.