ప్రపంచ వ్యవహారాలపై ఏ ఆర్థికవేత్తల వ్యాసాలు చదవాలి?

రఘురామ్ రాజన్‌తో మొదలుపెట్టండి. లాభాలొస్తే బోనస్ తీసుకుని, నష్టాలొస్తే పెద్దగా పోగొట్టుకోని ఫైనాన్స్ మేనేజర్ల వల్ల వ్యవస్థకే ముప్పని 2005లో అమెరికాలోని జాక్సన్ హోల్‌లో జరిగిన కేంద్ర బ్యాంకుల సదస్సులో హెచ్చరించారు. అమెరికా మాజీ ఆర్థిక మంత్రి లారెన్స్ సమ్మర్స్ లాంటి పెద్దలు అక్కడే కొట్టిపారేశారు. 2008లో సంక్షోభం రానే వచ్చింది. 2013 నుంచి 2016 దాకా రిజర్వ్ బ్యాంక్ గవర్నర్‌గా చేశారు కాబట్టి, మన దేశం సంగతులూ లోపలి మనిషిలా రాస్తారు.

ప్రపంచీకరణ మీదైతే డానీ రోడ్రిక్, జోసెఫ్ స్టిగ్లిట్జ్. స్టిగ్లిట్జ్ ప్రపంచ బ్యాంకులో ముఖ్య ఆర్థికవేత్తగా ఉండి, పక్కనే ఉన్న ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) విధానాలను ఏకిపారేసిన మనిషి. పాల్ క్రుగ్‌మన్ 2000 నుంచి 2024 దాకా న్యూయార్క్ టైమ్స్‌లో రాశారు. శైలి సులువే, రాజకీయ ఘాటు మాత్రం ఎక్కువ (నాకదే ఇష్టం). నూరియల్ రూబినీ రాసేదంతా ముంచుకొచ్చే ముప్పుల గురించే, టెన్షన్ పడే వాళ్లు కాస్త ఆగి చదవండి.