మా ఏడాదిన్నర క్రాస్ కుక్క పాప ఉయ్యాల దగ్గరికి చుట్టాల్ని రానివ్వడం లేదు. ల్యాబ్రడార్‌కీ నాటుకుక్కకీ పుట్టింది. కాపలా బుద్ధేనా?

క్రాస్ కాబట్టి ఈ గుణం నాటు రక్తం వల్లే వచ్చింది అనుకోకండి. 18 వేలకు పైగా కుక్కలను చూసిన 2022 నాటి అమెరికా అధ్యయనంలో, ప్రవర్తనలో తేడాలకు జాతి కారణం సుమారు 9 శాతమే అని తేలింది.

మీ దానికి ఏడాదిన్నర అన్నారు, సాధారణంగా ఈ గుణం బయటపడే వయసే. మాదీ అంతే. రోజూ పాలబ్బాయి చేయి నాకేది, ఒకరోజు ఉయ్యాల కింద నుంచి గుర్రుమంది. తోక కాళ్ల మధ్య, చెవులు వెనక్కి. అది కాపలా కాదు, పాపం, భయం!

గుర్రుమంటే కొట్టకండి. కొడితే ఈసారి హెచ్చరించకుండానే కరవచ్చు. చుట్టాలొస్తే దాని బెల్టు పట్టుకుని దూరంగా కూర్చోబెట్టి, వాళ్లు కనబడినప్పుడల్లా ఇష్టమైన తిండి పెట్టండి. పాపతో ఒంటరిగా మాత్రం అసలు వదలకండి.