టిఫిన్ బండి పెట్టాలంటే ఏ అనుమతులు కావాలి? తనిఖీలో ఏం చూస్తారు?

అనుమతులు రెండు, చాలామంది ఒకటే అనుకుంటారు. బండి నిలిపే చోటుకి 2014 వీధి వ్యాపారుల చట్టం కింద మున్సిపాలిటీ ఇచ్చే వెండింగ్ సర్టిఫికెట్ ఒకటి. తిండి అమ్మడానికి ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) వాళ్ల వెబ్‌సైట్ ఫోస్‌కోస్‌లో చేసుకునే రిజిస్ట్రేషన్ రెండోది. దానికి 14 అంకెల నంబరు వస్తుంది, బండి మీద కనిపించేలా పెట్టండి.

తనిఖీలో ముందుగా చూసేది నీళ్లు, చెత్తడబ్బా మూత, చేతుల శుభ్రత. తర్వాత మూకుడు. కాచిన నూనెనే మళ్లీ మళ్లీ కాస్తే నల్లబడి, చిక్కబడి, నురుగు కడుతుంది. అలా కాచేకొద్దీ నూనె పాడై అందులో పుట్టే పదార్థాలు, అంటే పోలార్ కాంపౌండ్లు, 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదు. న్యూస్‌పేపర్లో బజ్జీలు కట్టివ్వడమూ తప్పే, ఆ సిరా పిల్లల కడుపులోకి పోతుంది. పచ్చి గుడ్డు మయోనీజ్ జోలికి అసలు పోకండి. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో దాన్ని ఏడాదిపాటు నిషేధించింది.

అధికారి శాంపిల్ తీస్తే టెన్షన్ పడకండి. దాని ధర మీకు చెల్లించాలి. శాంపిల్‌ను నాలుగు భాగాలు చేస్తారు, మీరు అడిగితే ఒక భాగం గుర్తింపు పొందిన ల్యాబుకి పంపాలి. అక్కడే అడగండి.