ఆర్కెస్ట్రా నడుపుతానంటున్న అబ్బాయిని ఏం చదివించాలి?

"ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మా వాడు సంగీత నాటకాలకు కండక్టర్, అరేంజర్ అవుతానంటున్నాడు, బీటెక్‌లో చేర్చాలా, చెన్నైలో మ్యూజిక్ ప్రొడక్షన్ కోర్సుకు పంపాలా, పోల్చి చెప్పండి" అని బొబ్బిలి నుంచి ఒక తండ్రి అడిగారు.

అయ్యా, మీ ఉత్తరంలో ఫీజుల గురించి, బంధువుల మాటల గురించి వివరంగా ఉంది గానీ, అబ్బాయి ఏ వాద్యం వాయిస్తాడో ఎక్కడా లేదు. కోర్సు గురించి అడిగినా, మీ అసలు భయం కొడుకు రేపు ఖాళీగా కూర్చుంటాడేమోనని.

సంగీత నాటకాల కండక్టర్, అరేంజర్ అన్న పేరుతో నిలకడైన ఉపాధి న్యూయార్క్ బ్రాడ్‌వే, లండన్ వెస్ట్ ఎండ్ వంటి నాటకశాలల పేటల్లో ఉంటుంది తప్ప మన జిల్లాల్లో లేదు. అయితే ఆ విద్య వచ్చినవాడికి పాఠాలు చెప్పడం, గాయక బృందాలను తీర్చిదిద్దడం, రికార్డింగులకు వాద్యభాగాలు రాయడం వంటి పనులు ఇక్కడా దొరుకుతాయి. కండక్టర్ వారాల తరబడి పియానో దగ్గర నటులకు పాట నేర్పి, ప్రదర్శనలో ఎవరైనా ఒక చరణం మింగేసినా వాద్యబృందం తడబడకుండా నడిపిస్తాడు. ఒక వరుసను ఎవరు ఏ శ్రుతిలో పాడాలో, నాట్యానికి ఎంతసేపు సాగించాలో తీర్చేవాడు అరేంజర్. పద్యనాటకంలో నటుడు రాగం తీస్తున్నంతసేపూ వెన్నంటి ఉండే మన హార్మోనిస్టుకు ఇందులో కొంత పని అలవాటే.

కంప్యూటర్‌పై సంగీతం కూర్చి రికార్డు చేయడం నేర్పే ప్రొడక్షన్ కోర్సుపై మాత్రం నాకు గట్టి సందేహాలున్నాయి. సాఫ్ట్‌వేర్ రావాలి, కాదనను. కానీ కంప్యూటర్‌లోని క్లారినెట్‌కు ఊపిరి అక్కర్లేదు కనుక, మనిషి వాయించలేని వరుస రాశానని విద్యార్థికి ఎప్పటికీ తెలియదు. ఎదుట కూర్చున్న ఇరవై మందికి చేతి సైగతో లయ అందించడం, తప్పు వాయించినవాణ్ణి నొప్పించకుండా సరిదిద్దడం ఒంటరిగా లాప్‌టాప్ ముందు కూర్చుంటే అబ్బవు.

ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్‌గా 1919లో మొదలైన సంగీత కళాశాల విజయనగరంలో ఉండగా, మీ చూపు చెన్నై దాటి రాకపోవడం నాకు నచ్చలేదు. అక్కడి శిక్షణతో చెవి, లయ గట్టిపడతాయి. స్టాఫ్ నొటేషన్ (గీతలపై రాసే పాశ్చాత్య స్వరలిపి), హార్మనీ (స్వరాలను కలిపి పలికించే పద్ధతి) పియానో గురువు దగ్గర విడిగా నేర్చుకోవాలి. బీటెక్ అబ్బాయికి ఇష్టమైతే సరే, సాధనకు రోజూ రెండు గంటలైనా మిగలని కాలేజీ మాత్రం వద్దు. ఈ వయసులో ఆలస్యమైందన్న బెంగ అక్కర్లేదు. ఫీజుల కోసం పొలం అమ్మవలసిన అవసరమూ లేదు.

ఈ సెలవుల్లో నలుగురు గాయకులకు, ఇద్దరు వాద్యకారులకు ఒక పాటను తానే రాసి, నేర్పి, ఊరి వేదికపై నడిపించమనండి. మీరూ వెళ్లి వినండి; కోర్సు సంగతి ఆ తర్వాత అడగండి.