కొత్త లారీ కొన్న మేనల్లుడికి

ఆటోనగర్, విజయవాడ

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

ఫోన్‌లో నువ్వు అడిగినవి రెండు. పాత పది టైర్ల బండి మైలేజీ ఎలా పెంచాలన్నది ఒకటి. కొత్త బీఎస్-6 (ఇప్పటి పొగ రూళ్ల ప్రకారం తయారైన) లారీకి యాడ్‌బ్లూ అనే పొగ శుద్ధి ద్రావణం పోయక్కర్లేకుండా ఎవరో మెకానిక్ ‘సెట్టింగ్’ చేస్తానన్నాడు, చేయించొచ్చా అన్నది రెండోది. రెండోదానికి జవాబు వద్దనే. ఫోన్‌లోనే ఆ ముక్క చెప్పేవాణ్ణి. కానీ నువ్వు సరే మావయ్యా అని పెట్టేసి మర్నాడు వాడి దగ్గరికే వెళ్తావు, నాకు తెలుసు. కారణం తెలిస్తే వెళ్లవని ఈ ఉత్తరం.

ముందు మైలేజీ. మీకున్నవి మూడు బళ్లు. గుంటూరు మిర్చి యార్డు నుంచి కోల్డ్ స్టోరేజీలకి తిరిగే చిన్న ట్రక్కు, పాత పది టైర్లది, ఈ కొత్తది. నువ్వేమో చిన్నదాని వెంట పడ్డావు, లీటరుకి 12 కిలోమీటర్లు ఇస్తోంది, 13 రావాలని. పాతది మూడున్నరకి మించి ఇవ్వదులే అని వదిలేశావు. లెక్క వేసి చూడు. 10,000 కిలోమీటర్లు తిరిగితే, 12 నుంచి 13కి పెరిగినందుకు మిగిలేది 64 లీటర్లు. మూడున్నర నుంచి నాలుగుకి పెరిగితే మిగిలేది 357 లీటర్లు. లీటరుకి ఎన్ని కిలోమీటర్లు అని చూస్తున్నంత కాలం ఇది కంటికి ఆనదు. 100 కిలోమీటర్లకి ఎన్ని లీటర్లు తాగింది అని రాసుకో, వెంటనే తెలుస్తుంది. డబ్బంతా ఎక్కువ తాగే బండి దగ్గర పోతోంది, పని అక్కడ మొదలుపెట్టు.

కొలవడం కూడా సరిగ్గా కొలువు. డ్రైవర్ నోటి లెక్కలు వద్దు. ఒకే బంకులో, బండి చదునుగా నిలబెట్టి, ట్యాంకు ఫుల్ చేయించి మీటరు రీడింగ్ రాసుకో. మళ్లీ ఫుల్ చేయించినప్పుడు ఎంత పట్టిందో అదీ రాయి. లోడు ఎంత, ఏ రూటు, ఎవరు నడిపారు, ఇవి పక్కన ఉండాలి. చెన్నై రోడ్డులో వచ్చిన మైలేజీకీ, యార్డు గేటు ముందు క్యూలో నిలబడి వచ్చిన మైలేజీకీ పోలికే లేదు. ఆర్టీసీ గ్యారేజీలో ఉన్నన్నాళ్లూ మా చేతిలో పుస్తకం ఇదే, ప్రతి బస్సుకీ, ప్రతి డ్రైవర్‌కీ కేఎంపీఎల్, అంటే లీటరుకి ఎన్ని కిలోమీటర్లు వచ్చిందని. ఏ బస్సుకి జబ్బు వచ్చిందో డ్రైవర్ కంప్లయింట్ రాసేలోపే ఆ పుస్తకం చెప్పేసేది.

పాత బండికి ఏమేం చూడాలంటే, ముందు పొగ రంగు చూడు. నల్లగా వస్తే డీజిల్ ఎక్కువై, గాలి చాలక సగమే కాలి బయటికి పోతోందని. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండాలి, లేదా డీజిల్ చల్లే నాజిళ్లు కారుతూ ఉండాలి, లేదా పికప్ కోసం ఎవడో డీజిల్ పంపు పెంచి ఉండాలి. నీలంగా వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది, రింగులో, టర్బోనో చూడాలి. తెల్లపొగ ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగకపోతే టైమింగ్ తేడా అయినా అయి ఉండాలి, సిలిండర్‌లోకి నీళ్లయినా దిగుతుండాలి. మన దగ్గర ఎక్కువగా కనపడేది నల్లపొగే. పంపు, నాజిళ్లు విప్పి కాలిబ్రేషన్ చేయిస్తే అయ్యే ఖర్చు చూసి భయపడకు. పైన చెప్పిన 357 లీటర్లు గుర్తు చేసుకో.

ఆ తర్వాత టైర్లు. పొద్దున్నే, బండి కదలకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూడాలి. మన గుంటూరు ఎండల్లో మధ్యాహ్నం చూస్తే గాలి ఎక్కువ చూపిస్తుంది. అది చూసి క్లీనర్ కుర్రాడు కాస్త వదిలేస్తాడు, రాత్రికి చల్లబడేసరికి తక్కువ గాలితో పరిగెడుతుంది. జంట టైర్లలో లోపలిది ఎవడూ చూడడు. బ్రేకులు పట్టేస్తున్నాయేమో కూడా చూసుకో. కాస్త దూరం నడిపి ఆపి, డ్రమ్ముల దగ్గర చెయ్యి పెడితే (ముట్టుకోకు, దగ్గర పెట్టు చాలు) ఒక్కటే సెగలు కక్కుతుంటే ఆ చక్రం డీజిల్ తింటోందని అర్థం.

మిర్చి లోడు సంగతి వేరు. టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎత్తుగా కడతారు, పైన పట్టా వదులుగా ఉండి టపటపా కొట్టుకుంటుంది. ఎత్తు లోడుకి గాలే పెద్ద బరువు. వేగం రెట్టింపయితే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది. పట్టా బిగించి కట్టించు. హైవే మీద 75, 80 లాగే డ్రైవర్‌ని 60 దగ్గర నిలకడగా నడపమను. ఒంగోలు ఓ అరగంట ఆలస్యంగా చేరతాడు, అంతే. కాజ టోల్‌గేటు దగ్గర ముందే కాలు తీసేసి గేరులో దొర్లించడం నేర్పు. వారధి దిగేటప్పుడో, ఫ్లైఓవర్ దిగేటప్పుడో న్యూట్రల్ చేస్తే డీజిల్ మిగులుతుందని ఇంకా చాలామంది అనుకుంటారు. కొత్త ఇంజిన్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే డీజిల్ పూర్తిగా ఆగిపోతుంది. న్యూట్రల్ చేస్తేనే ఐడ్లింగ్‌కి మళ్లీ తాగుతుంది. ఇంజిన్ ఆపేసి దొర్లించే మొనగాళ్లూ ఉన్నారు, వాళ్లని అసలు పనిలో పెట్టుకోకు. కంప్రెసర్ ఆగిపోతే బ్రేకులకి గాలి ఎక్కడిది?

ఐడ్లింగ్ అన్నాను కాబట్టి, పెద్ద లారీ ఊరికే ఆన్‌లో ఉంటే గంటకి రెండు లీటర్లకి అటూ ఇటూ పోతుంది. యార్డు సీజన్‌లో లోడింగ్ క్యూ ఎంతసేపు ఉంటుందో నాకంటే నీకే తెలుసు.

డ్రైవర్ విషయంలో ఒక్క మాట. మిగిలిన డీజిల్‌లో వాడికి వాటా ఇవ్వు. బత్తా కోసం, టైము కోసం కంగారుపెట్టి, మళ్లీ మైలేజీ రాలేదని తిడితే వాడు మాత్రం ఏం చేస్తాడు? అన్నట్టు డీజిల్ పైపుకి అయస్కాంతాలు కడతామనీ, ట్యాంకులో మందు పోస్తే మైలేజీ అమాంతం పెరుగుతుందనీ వచ్చేవాళ్లకి టీ ఇచ్చి పంపెయ్.

ఇంతవరకూ చెప్పిన వాటిలో నీ జేబుకి మంచిదే ఊరికీ మంచిది. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. లీటరు డీజిలే కిలో తూగదు కదా అంటావేమో, గాల్లోని ఆక్సిజన్ బరువు కూడా అందులో కలుస్తుంది. ఆ 357 లీటర్లు మిగిలితే టన్నుకి కాస్త తక్కువ పొగ పోవడం మానేసినట్టే. దీనికి ఎవరి రూలూ అక్కర్లేదు, డీజిల్ రేటే నీ చేత చేయిస్తుంది.

నీ రెండో ప్రశ్న దగ్గరే దారి చీలుతుంది. ఇంజిన్‌లో డీజిల్ ఎంత బాగా, ఎంత వేడిగా కాలితే మైలేజీ అంత బాగుంటుంది, నల్లపొగ అంత తగ్గుతుంది. కానీ ఆ వేడికే గాల్లోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నాక్స్ అనే విషవాయువు పుడుతుంది. కంటికి కనపడదు. ఊపిరితిత్తుల్ని మంట పెడుతుంది, ఎండలో ఓజోన్ పుట్టడానికి కారణమవుతుంది. అది తగ్గినందువల్ల ఏ లారీ ఓనరుకీ రూపాయి రాదు. అందుకే దాన్ని మన మంచితనానికి వదిలేయకుండా రూలు పెట్టారు.

ఆ రూళ్లు మన దేశానికి నిదానంగా వచ్చాయి. 2010లో బీఎస్-4 పెట్టినప్పుడు 13 నగరాలకే పెట్టారు. అందులో హైదరాబాద్ ఉంది, మన బెజవాడ, గుంటూరు లేవు. మిగతా దేశమంతా బీఎస్-3. కారణం ఇంజిన్ కంటే ఎక్కువగా డీజిలే. అందులో గంధకం ఎక్కువుంటే సైలెన్సర్‌లో పెట్టే శుద్ధి యంత్రాలు పాడైపోతాయి. బీఎస్-3 డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లకి 350, బీఎస్-4లో 50, ఇప్పటి బీఎస్-6లో 10. రిఫైనరీలు మారందే ఆ డీజిల్ రాదు, దానికి వేల కోట్లు కావాలి. అలా సగం దేశానికి ఒక డీజిల్, సగానికి ఒకటి అయితే హైదరాబాద్ వెళ్లే లారీ సూర్యాపేటలో ఆగి ఇంజిన్ మార్చుకుంటుందా? ఊరూరూ తిరిగే లారీలన్నీ బీఎస్-3గానే అమ్ముడుపోయాయి. నీ పాత బండి ఆ కాలందే. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-4 అయింది, సుప్రీంకోర్టు బీఎస్-3 బళ్ల అమ్మకం ఆ రోజుతో ఆపేయించింది. బీఎస్-5ని దాటేసి 2020 ఏప్రిల్ 1న ఒక్కసారే బీఎస్-6కి వచ్చాం. అప్పట్లో కంపెనీలవాళ్లూ, ఓనర్లూ గోలపెట్టారు. నా మటుకు నాకు ఆ గెంతు మంచిదే అనిపించింది. మెల్లగా వెళ్లి ఉంటే ఇంకో పదేళ్లు పాత ఇంజిన్లే కొని, అవి ఇంకో ఇరవయ్యేళ్లు రోడ్ల మీద పొగ వదిలేవి.

ఇప్పుడు యాడ్‌బ్లూ. అది శుభ్రమైన నీళ్లలో 32.5 శాతం యూరియా కలిపిన ద్రావణం. సైలెన్సర్‌లో చల్లితే నాక్స్‌ని విడగొట్టి నైట్రోజన్, నీటి ఆవిరి చేస్తుంది. 100 లీటర్ల డీజిల్‌కి ఐదు లీటర్లు అటూ ఇటూ పడుతుంది. మీ మెకానిక్ చెప్పని సంగతొకటి ఉంది. వెనకాల నాక్స్‌ని కడిగేసేది ఉంది కాబట్టే, కంపెనీవాళ్లు ముందు ఇంజిన్‌ని మైలేజీ వచ్చేలా వేడిగా మండనిస్తారు. యాడ్‌బ్లూకి పెట్టిన డబ్బులో కొంత డీజిల్ రూపంలో నీకే తిరిగొస్తోంది. వాడి సెట్టింగ్ అంటే కంప్యూటర్‌కి అబద్ధం చెప్పే చిన్న పెట్టె. అది పెట్టినంత మాత్రాన మైలేజీ పెరగదు, నాక్స్ మాత్రం కడగకుండా నేరుగా బయటికొస్తుంది, వారంటీ పోతుంది. రేపు సాఫ్ట్‌వేర్ తిరగబడి లారీ ఎక్కడో పవర్ పడిపోయి ఆగితే వాడు రాడు.

ఇంకో తెలివి కూడా గుంటూరులో వింటూ ఉంటావు, పొలం యూరియా నీళ్లలో కలిపి పోసెయ్యొచ్చని. పొలం యూరియాకి వేపనూనె పూత ఉంటుంది, మలినాలు ఉంటాయి. నాజిల్ గట్టకడుతుంది, నాక్స్‌ని శుద్ధి చేసే క్యాటలిస్ట్ చచ్చిపోతుంది, దాని ధర అడిగితే కళ్లు తిరుగుతాయి. పైగా రైతుకి సబ్సిడీ మీద ఇచ్చేదాన్ని ఇలా వాడటం నేరం. సీలు ఉన్న క్యాను కొను, ఎండలో పెట్టకు.

చిన్న ట్రక్కు కూడా బీఎస్-6 డీజిలే కదా. దాని సైలెన్సర్‌లో మసి పట్టుకునే ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. పట్టుకున్న మసిని బాగా వేడెక్కినప్పుడు అదే కాల్చేసుకుంటుంది. యార్డుకీ కోల్డ్ స్టోరేజీకీ మధ్య కాస్త దూరాల్లో తిరిగే బండి ఎప్పుడూ అంత వేడెక్కదు, మూసుకుపోతుంది. వారానికోసారి హైవే ఎక్కించి నిలకడగా ఓ అరగంట నడిపించు. డ్యాష్‌బోర్డు మీద డీపీఎఫ్ దీపం వెలిగితే నాలుగు రోజులు చూద్దాంలే అనుకోకు. ఇంజిన్ ఆయిల్ తక్కువ బూడిద ఇచ్చే రకమే పోయాలి, కంపెనీ పుస్తకంలో రాసిన గ్రేడే. పాత లారీకి కొన్న డబ్బాలోంచి దీనికి పొయ్యకు. లోపల మిగిలిన ఆ బూడిద ఎంత వేడెక్కినా కాలదు.

పొల్యూషన్ సర్టిఫికెట్ పాతదానికి ఆరు నెలలకోసారి, బీఎస్-4 నుంచి పైవాటికి ఏడాదికోసారి. లేకుండా దొరికితే జరిమానా 10,000 దాకా ఉంటుంది. బండి చూడకుండానే ఇచ్చేవాడు దొరికినా తీసుకోకు. నిజంగా పరీక్ష చేయిస్తే పొగ చిక్కదనం ఎంత వచ్చిందో అంకె ఇస్తారు. పాత బండికి ఆ అంకె కిందటిసారి కంటే పెరిగితే నాజిళ్లు మళ్లీ చూడాలని నీకే తెలుస్తుంది. ఇంతా చేస్తే ఆ పరీక్ష డీజిల్ బండిలో నాక్స్‌ని కొలవనే కొలవదు. కాబట్టి పెట్టె పెట్టించినా సర్టిఫికెట్ వచ్చేస్తుంది, మీ మెకానిక్ ధైర్యం అదే. గాలి బాగోలేని నగరాలని 2019లో కేంద్రం వేసిన జాబితాలో బెజవాడా ఉంది, గుంటూరూ ఉంది. డీజిల్ పొగ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ సంస్థ 2012లోనే తేల్చింది. ఆ పొగలో పొద్దస్తమానం నిలబడేది నీ డ్రైవరూ, క్లీనరూ, యార్డు హమాలీలూ.

యార్డుకి ఎండాకాలం సెలవులు ఇస్తారుగా, ఆ రోజుల్లో పాత లారీ ఆటోనగర్ తీసుకురా. పంపు, నాజిళ్లు నా కళ్ల ముందే విప్పిస్తాను. టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టర్ మాత్రం అప్పటిదాకా ఆగక్కర్లేదు, రేపే చూడు. వచ్చేటప్పుడు ఫుల్ ట్యాంకు లెక్కలు రాసిన పుస్తకం తెచ్చుకో. అది లేకుండా వస్తే మీ అత్తయ్య చేతి భోజనం చేసి వెళ్లడమే, బండి మీద నేను చెయ్యి వెయ్యను.

మీ అమ్మని అడిగానని చెప్పు.

మావయ్య